తెల్ల పొట్టేలే కావాలి

టెక్సాస్ కొండల్లో, డబ్బు కట్టి వేటాడుకునే లొరెట్టా ర్యాంచి గేటు ముందు ఒక పాత పికప్పు ఆగి ఉంది. స్టీరింగు ముందు ముసలి ఆల్విన్, పక్కన అతని భార్య ఎర్మాకి తమ్ముడైన రూడీ. పొద్దున పది గంటలు.

“...ఆరువందల గజాల దూరం. ఎదురుగాలి. ఒక్కటే తూటా. పొట్టేలు కింద పడిన చప్పుడుకి పక్క ర్యాంచిలో ఆవులు రెండు రోజులు పాలివ్వలేదు. కొమ్ములు రెండున్నర చుట్లు, రూడీ. తల మొయ్యడానికి ముగ్గురం పట్టాం.”

“పోయినేడు అయిదొందల గజాలన్నావు బావా.”

“ఇక్కడి నేల ఎండాకాలంలో సాగుతుంది.”

“మరి ఆ తలేదీ?”

“గడ్డి కూరి నిలబెట్టమని వెర్నర్‌కిచ్చాను.”

“ముప్పయ్యేళ్ళ కిందట.”

“మంచి పనివాడు తొందరపడడు.”

“వెర్నర్ పోయి పన్నెండేళ్ళయింది. వాడి శవపెట్టె మోసినవాళ్ళలో నువ్వూ ఉన్నావు.”

“అందుకే ఆలస్యమవుతోంది.”

“మనం డామినోలు ఆడే హాల్లో, చలిమంట పొయ్యి పైన, ఆ తల కోసం కొట్టిన మేకు ఖాళీగానే ఉంది. ఎవడైనా కొత్తవాడు టోపీ తగిలించబోతే, తియ్యవయ్యా, అది ఆల్విన్ పొట్టేలిది అంటున్నారు. గౌరవంతో కాదు. నువ్వటు తిరగ్గానే నవ్వుతున్నారు.”

“నాకు తెలీదనుకున్నావా? అందుకే కదా వచ్చాం. ఈసారి నిజం పొట్టేలు. ఆ ధరల కాగితం చదువు.”

“నువ్వే చదువు.”

“కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను.”

“కళ్ళజోడు నీ ముక్కు మీదే ఉంది బావా.”

“ఇది దూరానిది.”

“మొన్నటిదాకా దీంతోనే డామినో చుక్కలు లెక్కపెట్టేవాడివి.”

“చదువుతావా, పోలీసులా నిలదీస్తావా?”

“చదువుతున్నాను. బార్బరీ పొట్టేలు, మూడువేల అయిదొందల డాలర్లు.”

“దానికి మెడ నిండా గడ్డం. కాలిస్తే మీ నాన్నని కాల్చినట్టుంటుంది. తర్వాత?”

“మూఫ్లాన్ అడవి పొట్టేలు. రెండువేల రెండొందలు.”

“ఓరేయ్, నా దగ్గరున్నది చేపల పడవ అమ్మిన పదిహేనొందలు. మన చేతికందేవి చెప్పు.”

“అందేవి మూడే. గోధుమరంగు కోర్సికాది తొమ్మిదొందలు. నల్ల హవాయిది పన్నెండొందలు. తెల్ల డాల్ జాతిది పదిహేనొందలు.”

“తెల్లది ఎంతన్నావు?”

“పదిహేనొందలు.”

“ఇంకోసారి చూసి చెప్పు.”

“పదిహేనొందలే. ఇంకోసారి చూస్తే తగ్గదు.”

“పెరగలేదు కదా, చాలు. తెల్లదే.”

“ఆగు బావా. నీకోసం అడిగొచ్చాను, తలకి గడ్డి కూరడానికి ఆరొందలవుతుందట. గోధుమరంగుది కొట్టామనుకో, దానికి తొమ్మిది, తలకి ఆరు, నీ డబ్బుకి సరిగ్గా సరిపోతుంది. తిన్నగా పొయ్యి పైకెక్కుతుంది. హాల్లో వాళ్ళ నోళ్ళు మూతపడతాయి. తెల్లది కొట్టావంటే ఒక్క పైసా మిగలదు. ఆ తలని మా అక్క ఫ్రీజర్లో దాచుకోవాలి, ఐస్‌క్రీం పక్కన.”

“తెల్లదే.”

“మేకు ఖాళీగా ఉండిపోతుంది.”

“ఉండనీ.”

“ఉండనీ ఏంటి? మేకు కోసమే పడవ అమ్మానన్నావు.”

“గోధుమరంగువి భక్తి గలవి, రూడీ. మా తాత ఒకదాన్ని పెంచాడు. ప్రతి ఆదివారం చర్చికొచ్చి వెనక బెంచీలో నిలబడేది. పాస్టరు తప్పు చదివితే దగ్గేది. అలాంటి జాతి మీద తుపాకీ ఎత్తమంటావా?”

“అయితే నల్లది తీసుకో. మూడొందలు మిగులుతాయి, మిగతా సగం నేను వేస్తాను.”

“నల్లది ఓక్ చెట్టు నీడలో నిలబడితే నీడేదో అదేదో ఎవడు చెప్పగలడు?”

“కళ్ళున్నవాడెవడైనా చెప్పగలడు.”

“తెల్లదే అన్నాను కదా.”

“బావా, ఇటు చూడు. నావైపు.”

“చూస్తూనే ఉన్నాను.”

“నా చెవి వైపు చూస్తున్నావు.”

“మీ వంశంలో చూడదగ్గది అదొక్కటే.”

“బావా.”

“ఏంట్రా?”

“ఎప్పట్నుంచి?”

“పోయిన వేసవిలో, పీచ్ పళ్ళు వచ్చిన కాలం నుంచి. చూపుకి సరిగ్గా నడిమధ్యలో బొక్క పడింది. నిన్ను సూటిగా చూస్తే నువ్వుండవు. పక్కన కిటికీని చూస్తే మెల్లగా వస్తావు, దొంగలాగా. డాక్టరు సూది మందు వేస్తున్నాడు. ఉన్నది నిలబడుతుందేమో గానీ పోయింది తిరిగి రాదన్నాడు.”

“సూదులా? కంట్లోనా? ఎవరు తీసుకెళ్తున్నారు?”

“నేనే వెళ్తున్నాను. మీ అక్కతో డామినోలకని చెప్పి.”

“అక్కకి తెలీదా?”

“తెలిస్తే బండి తాళాలు లాక్కుంటుంది. తాళాలు పోయాక నేనేం మనిషిని? రోజూ నువ్వొచ్చి ముసలి ఆవుని తోలుకెళ్ళినట్టు హాలుకి తోలుకెళ్తావా?”

“ఇప్పుడు ముప్పై మైళ్ళు నువ్వే నడిపావు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని.”

“కంచెని చూస్తూ నడిపాను. రోడ్డు దానంతటదే వచ్చింది.”

“దేవుడా. పొద్దున బంపరు లోపలికి పోయుంది, ఒక లైటు పగిలింది, ఏంటని అడిగితే...”

“మీ అక్క ఉత్తరాల డబ్బాని గుద్దిందన్నాను.”

“గుద్దిందా?”

“మీ అక్క గుద్దనిదేముంది? నన్ను చేసుకుంది కూడా అలాగే.”

“నవ్వించకు బావా. తెల్లదైతే నీకు కనబడుతుందని కదా ఈ పట్టు?”

“అలాగే అనుకో.”

“పని సులువు చేస్తాను, విను. గోధుమరంగుది నేను కాలుస్తాను. నువ్వు కాల్చావని చెప్దాం. చచ్చేదాకా నోరు విప్పను.”

“వద్దు. ముప్పయ్యేళ్ళుగా ఆ మేకుకి అబద్ధమే వేలాడుతోంది. దానికి తోడు నీదొకటి ఎందుకు? అసలు సంగతి చెప్పనా? ఆ పొట్టేల్ని నేను కాల్చలేదు.”

“అది హాల్లో పిల్లికి కూడా తెలుసు.”

“ఆరువందల గజాలు కాదు, ఆరు. తూటా లేదు. బండితో గుద్దాను.”

“...బండితోనా?”

“బండితోనే. ముప్పయ్యేళ్ళ కిందట. వాన వెలిసిన పొద్దున, రోడ్డు మీదుగా వాగు పారే చోట. పొగమంచు. ఎదురుగా తెల్లగా ఏదో ఉంది. దాణా సంచి అనుకున్నాను, గాలికి కొట్టుకొచ్చిన ఖాళీ సంచి. సంచి కోసం ఎవడు బ్రేకు వేస్తాడు? వెయ్యలేదు. దిగి తడిమి చూస్తే చేతికి కొమ్ము తగిలింది.”

“చచ్చిపోయిందా?”

“వెంటనే కాదు. లేచింది. మూడు కాళ్ళ మీద సెడార్ చెట్ల పొదల్లోకి నడిచింది. చప్పుడు పట్టుకుని వెనకాలే వెళ్ళాను. అది పడుకుంది. తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఊపిరి ఆగడానికి చాలాసేపు పట్టింది రూడీ. పొట్టేలు అంత వెచ్చగా ఉంటుందని నాకు తెలీదు.”

“ఇన్నేళ్ళూ మమ్మల్ని నవ్వించింది ఈ కథతోనా?”

“నవ్వించకుండా చెప్పడం నాకు చేతకాదు.”

“ఎవరిది అది? వాళ్ళకి చెప్పావా?”

“అదిగో, ఎవరో వస్తున్నట్టుంది. టోపీ కనిపిస్తోంది, కింద మనిషి లేడు.”

“లొరెట్టా. నేను మాట్లాడతాను, నువ్వు ఊరుకో.”

“ఏంటి పెద్దాయనా, గేటు తీసే ఉంది కదా, గంట నుంచి ఇక్కడే ఉన్నారు? ఏ పొట్టేలో తేల్చుకోలేకపోతున్నారా?”

“తేలిందమ్మా లొరెట్టా. మా బావ కాస్త నలతగా ఉన్నాడు, ఇంకో వారం వస్తాం.”

“తెల్లది కావాలమ్మాయీ.”

“తెల్లవాటిలో అసలైనది పోయింది పెద్దాయనా. కొమ్ములు చుట్టు దాటిన ముసలిది. వారం నుంచి లెక్కకి రావడం లేదు. మా పనివాడు చోన్ అమ్ముకున్నాడు.”

“చోనా? పదకొండేళ్ళుగా నీ దగ్గరున్నవాడు కదా?”

“అదే బాధ. మొన్న వానకి వాగు దగ్గర కంచె కొట్టుకుపోయింది, అటు దాటిపోయి ఉంటుందంటాడు. దాటిపోతే ఎక్కడో ఒకచోట కనబడాలి కదా. నాలుగు మైళ్ళూ వెతికించాను. శనివారం వాణ్ణి పంపించేస్తున్నాను. పెళ్ళాం వంటగదిలో సామాన్లు సర్దుతోంది.”

“ప్రమాణం చేశాడా?”

“చేశాడు. వాళ్ళమ్మ మీద. మందు తాగే రోజుల్లో నా మొహం చూసేవాడు కాదు, అది మానేశాక ఇప్పుడు కాఫీ తాగేటప్పుడు కూడా చూడడం లేదు.”

“అమ్మాయీ, ఇక్కడి నియమం ఏంటో మళ్ళీ చెప్పు. మావాడికి తెలీదు.”

“ఏముంది? నెత్తురు చుక్క నేల మీద పడితే పొట్టేలు మీదే. దొరికినా దొరక్కపోయినా పూర్తి ధర కట్టాలి.”

“తుపాకీతోనే చిందించాలని రాసుందా?”

“అదేం ప్రశ్న?”

“రాసుందా, లేదా?”

“లేదు. చుక్కంటే చుక్కే. పళ్ళతో కొరికినా అంతే.”

“అయితే ఈ కవరు తీసుకో. పదిహేనొందలు ఉన్నాయి. నేను చూసుకోలేను, నువ్వు చూసుకో.”

“బావా, ఏం చేస్తున్నావు? ఇంకో వారం వస్తామన్నాను కదా? తుపాకీ ఇంకా బయటికే తియ్యలేదు.”

“తుపాకీ తేలేదు రూడీ. సీటు వెనకున్నది మీ అక్క తుడుపు కర్ర.”

“మరి నన్నెందుకు తెచ్చావు?”

“తిరిగి నడపడానికి. ఇవిగో తాళాలు. మీ అక్కకివ్వు. నేనిస్తే ఏడుస్తుంది.”

“పెద్దాయనా, నాకేం అర్థం కావడం లేదు. ఏ పొట్టేలికి ఈ డబ్బు?”

“చోన్ పెళ్ళాన్ని సామాన్లు సర్దడం ఆపమను. తర్వాత చోన్‌ని పిలువు, వాడికి కాళ్ళూ కళ్ళూ రెండూ ఉన్నాయి. రోడ్డు మీదుగా వాగు పారే చోట ఎడమ పక్క, నలభై అడుగులు లోపలికి, సెడార్ పొదల కింద పడి ఉంది. చెవికి బిళ్ళ ఉంది. రంగేంటో నాకు తెలీలేదు.”

“పచ్చది.”

“అలాగా. పచ్చదన్నమాట.”

“బావా... ఇందాక నువ్వు చెప్పిన కథ...”

“అంతా నిజమే రూడీ. పొగమంచు, సంచి, మూడు కాళ్ళు, ఒళ్ళో తల, అన్నీ. ముప్పయ్యేళ్ళ కిందట అన్నది ఒక్కటే నేను కల్పించింది. జరిగింది పోయిన మంగళవారం.”