ఇరవై అయిదు మిల్లీమీటర్ల చీటీ

అదిగో, మళ్ళీ లేచి నిలబడ్డవు. ఇట్ల చేతులు కట్టుకొని నిలబడి నిలబడే నా మనవరాలి కారును గంగల కలిపినవు తిరుపతీ.

కుర్చీ తుడవకు. నేను కూర్చోవడానికి రాలేదు. సరే, తుడవనే తుడిచినవు గనక కూర్చుంటున్న. టీ మాత్రం వద్దు. చక్కెర లేకుండ అయితే సగం తెప్పించు.

నాచారం చౌరస్తాల ఇంత పెద్ద బోర్డు పెట్టినవు. అల్లాయ్ వీల్స్, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్. దారిన పోయే ఆటోవాళ్ళు గూడ అన్నా అన్నా అని సలాం కొడుతరు. నన్ను చూస్తే మాత్రం పదో తరగతి బి సెక్షన్ అయితవు. ఆ మీసానికన్న జర మర్యాద ఇయ్యరాదు?

సంగతేందో చెప్త, విను.

నిన్న మా స్వర్ణలత నన్ను చెంగిచెర్ల తీసుకపోయింది. మా సత్తమ్మ టీచర్‌కు మోకాలి ఆపరేషన్ అయింది కద, చూసొద్దామని. ఆ ఎర్ర కారు నీకు తెలుసు, నువ్వు కొత్త చక్రాలు బిగించినంక దాంట్ల ఇద్దరం ఎక్కుడు నిన్ననే మొదలు. రెండే తలుపులు. దాంట్లకు ఎక్కుడు ఉండదు, దిగుడే. బావిల దిగినట్టు దిగిన. బ్యాగు ఒళ్ళో పెట్టుకున్న. దేవునికి దండం పెట్టుకున్న.

బోడుప్పల్ దాటంగనే స్పీడు బ్రేకర్ మీద గర్రుమన్నది.

మిక్సీల రాయి పడ్డట్టు. తర్వాత గుంత వచ్చినప్పుడల్ల అదే. మన రోడ్ల మీద గుంత రాని జాగ ఎక్కడున్నది? సత్తమ్మ ఇల్లు చేరేటాళ్ళకు రబ్బరు కాలిన వాసన. దిగి చూస్తే ఏమున్నది, దుప్పటి చాలని పిల్లగాని కాళ్ళ లెక్క టైర్లు మడ్‌గార్డు బయటికి వచ్చి ఉన్నయి. వెనక టైరు అంచు కత్తిపీటకు గీసినట్టు చెక్కుకపోయింది.

స్వర్ణ ఆ టైరుకు నాలుగు దిక్కుల ఫోటోలు తీసుకున్నది. అది ఇట్ల సాక్ష్యాలు జమ చేస్తేనే నాకు భయం. వాళ్ళ తాత పోలిక.

వాళ్ళ గుంపు సంగతి నాకంటె నీకే బాగ తెలుసు. నలభై మంది. అందరు కంప్యూటర్ కంపెనీలల్ల చేసేటోళ్ళు, అందరివి ఇసొంటి పాత షోకు కార్లు. ఆదివారం పొద్దుగాల కడుక్కొని, తుడుచుకొని, ఒక్కకాడ నిలబెట్టి ఒకరిది ఒకరు చూసుకుంటరు. పెండ్లిచూపులే అనుకో. నీ దుకాణం వాళ్ళకు చూపించింది మా పిల్లనే. వాళ్ళను నమ్మే కద నువ్వు పోయినేడు లారీ టైర్ల పని బందు చేసినవు?

ఇయ్యాల శుక్రవారం. ఎల్లుండి అందరి ముందట చెప్తదట, తిరుపతి దుకాణానికి పోకున్రి, కొలత రానోడని.

గందుకే వచ్చిన. టీ వచ్చిందా? అక్కడ పెట్టమను.

నీ చాక్‌పీస్ ఇటియ్యి. టైరు మీద గీతలు పెట్టే ముక్కనే, పర్వాలేదు. నేల మీద గీస్తున్న చూడు.

ఇది చక్రం, పైనుంచి చూస్తే. దీని వెడల్పుకు సరిగ్గ నడుమ ఒక గీత. బోల్టులు బిగించే పళ్ళెం ఉన్నది చూసినవా, అది ఈ నడిమి గీత మీద ఉండదు. జర బయటి దిక్కు జరిగి ఉంటది. ఎంత జరిగితే అంత ఆఫ్‌సెట్. తల ఊపకు, తెలిసినవాడివి గూడ వినాలె. పళ్ళెం ఎంత బయటికి ఉంటే చక్రం అంత లోపలికి పోతది. అంటే అంకె పెద్దదయితే చక్రం లోపలికి. చిన్నదయితే బయటికి.

పాత చక్రానికి నలభై అయిదు. కొత్త అల్లాయ్‌కు ముప్పై అయిదు. మా పిల్లకు పాతదాని కంటె పదిహేను మిల్లీమీటర్లు బయటికి కావాలె. మడ్‌గార్డు అంచు దాక ఉన్న జాగ ఇరవై. పదిహేను జరిగితే కారు రొమ్ము విరుచుకొని నిలబడ్డట్టు ఉంటదట. ఏం షోకులో.

ఇప్పుడు చెప్పు. చక్రానికి, ఇరుసుకు నడుమ పెట్టే బిళ్ళ, అదే మీ స్పేసర్, ఎంత మందం కావాలె?

గట్టిగ చెప్పు. లేత్ మిషన్ చప్పుడుల నాకు వినపడ్తలేదు.

అయిదు.

ఇంకొక్కసారి చెప్పు.

అయిదే. కొత్త చక్రం తనంతల తనే పది బయటికి వచ్చింది, మిగిలింది అయిదు. వేళ్ళు గూడ లెక్కపెట్టకుండ చెప్పినవు. మరి ఇరవై అయిదు ఎందుకు బిగించినవు బిడ్డా?

ఆ బల్ల మీది అద్దం కింద వేలు పెట్టి ఏం చూపిస్తున్నవు?

చూసిన. కండ్లద్దాలు లేకున్నా నా దస్తూరి నాకు తెలుస్తది. నా చీటీ. ఎడమ దిక్కు మార్జిన్ గీసి, మూడు మెట్లల్ల లెక్క చేసి, ఇరవై అయిదు అని రాసి కింద రెండు గీతలు కొట్టిన. భద్రంగ దాచినవు. దేవుని పటం లెక్క.

ఈ చీటీ పుట్టిన తీరు నీకు తెల్వదు.

నేను రిటైరయి ఎనిమిదేండ్లు. ఇన్నేండ్లల్ల మా ఇంట్ల నన్ను ఎవ్వరు లెక్క అడగలే. పాలాయన గూడ సెల్‌ఫోన్ల చూసి చెప్తడు. ఆ దినం స్వర్ణ వచ్చి, నానమ్మా, నువ్వు లెక్కల టీచరు కద, ఈ ఆఫ్‌సెట్ ఏందో జర చెప్పవా అన్నది. కుక్కర్ మీద పప్పున్నది. బందు చేసి వచ్చిన. కొత్త నోటుపుస్తకం తీసిన. పెన్సిల్ చెక్కుకున్న.

ఆ తొందరల తలకిందులు పట్టిన. అంకె పెద్దదయితే చక్రం బయటికి అనుకున్న. అట్లయితే కొత్తది పది లోపలికి పోయినట్టు. ఆ పదికి ఈ పదిహేను కలిపిన. ఇరవై అయిదు. గీతలు కొట్టిన. జవాబును తీసుకపోయి ప్రశ్నల పెట్టి చూసుకోలే. ముప్పై రెండేండ్లు ఆ మాట చెప్పి చెప్పి మీ చెవులు తూట్లు చేసినదాన్ని.

నువ్వు అడిగినవు. లేదనను. నేను ఇక్కడికి తెచ్చిచ్చిన చీటీ అటూ ఇటూ తిప్పి, టీచర్, ఇరవై అయిదు జర ఎక్కువ కాదా అన్నవు.

నేనేమన్న? నీకు యాదికున్నదో లేదో.

యాదికున్నది కద. పదో తరగతిల ప్లస్సు మైనస్సు తెలియకనే లెక్కలల్ల ముప్పై ఏడు తెచ్చుకున్నవు, ఇప్పుడు నాకు చెప్పొచ్చినవా అన్న. నీ పనోళ్ళు ఇద్దరు నవ్విన్రు. నువ్వు గూడ నవ్వి, సరే టీచర్ అని చీటీ పట్టుకొని లేత్ కాడికి పోయినవు.

నువ్వు పదిహేనేండ్ల సంది చక్రాలతోనే బతుకుతున్నవు. నేను ఆఫ్‌సెట్ అన్న మాట విని పదిహేను రోజులు గూడ కాలే. వేరే కస్టమర్ అయితే, నీకు తెల్వదు, నువ్వు కూర్చో అందువు. నా మీద నోరు లేవలే నీకు. గంత భయం పెట్టిన్ననా? ఒక్కసారే కద కొట్టిన. రెండుసార్లా? సరే, రెండుసార్లు.

ఏంది ఆ డ్రాయర్? ఏం తీస్తున్నవు?

పేపర్ల చుట్టి పెట్టినవు. ఆగు, నేను విప్పుత. బిళ్ళలు. నాలుగు. రొట్టె లెక్క సన్నగ ఉన్నయి. ఇవి...

అయిదు మిల్లీమీటర్లవా?

ఎప్పుడు కోయించినవు? పేపర్ మీద తారీఖు నేను చూడగలుగుత తిరుపతీ, అబద్ధం చెప్పకు. ఆ దినమే. ఒక్క లేత్ మీద, ఒక్క దినం రెండు సెట్లు. ఒకటి టీచర్ చెప్పింది, ఒకటి సరైంది.

గందుకేనా స్వర్ణకు మూడుసార్లు ఫోన్ చేసినవు, బండి తీసుకరా, ఒకసారి చెక్ చేస్త అని? అది టైం లేదన్నది. నేను పక్కనే ఉండి, బిల్లు పెంచుతందుకు పిలుస్తున్నడు, పోకు అన్న.

మరి ఫోన్ల చెప్పొచ్చు కద, మీ నానమ్మ లెక్క తప్పిందని. ఆ ఒక్క మాట అంటే ఇంత లొల్లి ఉండకపోవు.

ఏమన్నవు? మళ్ళా చెప్పు.

నేను చెప్పిన మాటనేనా? తప్పు ఎక్కడున్నదో నేను చూపించను, చేసినోళ్ళే వెతుక్కోవాలె. అవును, అనేదాన్ని. లెక్క కింద సున్న చుట్టి, ఎక్కడ తప్పో చెప్పకుండ పుస్తకం ఇచ్చేదాన్ని. మీరు బోరింగు కాడ కూర్చొని వెతుక్కునేటోళ్ళు. నువ్వయితే రెండు పీరియడ్లు వెతుక్కునేటోడివి.

మరి నా పుస్తకం నాకు తిరిగిచ్చినవన్నమాట. మంచిగ నేర్చుకున్నవు. కానీ ఇంకొకసారి చక్రాల లెక్కకు ఈ పద్ధతి పెట్టకు. కాగితం మీద తప్పితే మార్కు పోతది. రోడ్డు మీద తప్పితే మనుషులు పోతరు. ఎవరు చెప్పినా సరే, నోరు తెరిచి తప్పు అను. నేను చెప్పినా సరే.

తప్పు దొరికింది తిరుపతీ. నిన్న చెంగిచెర్ల నుంచి రాంగనే నోటుపుస్తకం తీసిన, రెండు నిమిషాలల్ల దొరికింది. వెతుకుడు కష్టం కాలే.

అసలు సంగతి అది గాదు.

నిన్న అన్నం కాడ అందరున్నరు. కొడుకు, కోడలు. స్వర్ణ అన్నది, నానమ్మా, ఆయన నీ స్టూడెంటే కద, లెక్కలల్ల వీక్ అన్నవు కద, ఆయనే కొలత తప్పిండు అని. అప్పటికే నోటుపుస్తకం దిండు కింద ఉన్నది.

నేను అన్నం కలుపుకుంట, అవును అన్న.

ఒక్క మాట. దాని మీద, పప్పుల ఉప్పు ఎక్కువైందని గూడ అన్న, ముచ్చట మార్చుతందుకు. పప్పు చేసింది నేనే.

నవ్వుతవేంది? నవ్వు. నీకు హక్కున్నది.

ఎర్ర పెన్ను ఉన్నదా నీ కాడ? ఉండకపోతదా, బిల్లులు కొట్టేస్తవు కద. అద్దం లేపి ఆ చీటీ తియ్యి. ఇదిగో, రెండో మెట్టు కాడ అడ్డం గీత. జవాబు మీద ఇంటు. పక్కన సున్న, చుట్టూ గుండ్రంగ. కింద సంతకం, శ్యామలాదేవి. తారీఖు. పద్ధతికి ఒక్క మార్కన్న వెయ్యమంటవా? నీకు ఎన్నడన్న వేసిన్ననా?

దీన్ని ఆ క్యాలెండర్ పక్కన అంటించు. ఆదివారం ఆ నలభై మందిని ఇక్కడికే రమ్మని చెప్పిస్త. చదువుకున్నోళ్ళు కద, చదువుకుంటరు.

చప్పుడు వినపడుతున్నదా? చౌరస్తా బ్రేకర్ మీద, గర్రుమని. స్వర్ణనే. బండి పట్టుకొని రమ్మని ఫోన్ చేసే వచ్చిన, ఎందుకో చెప్పలే.

అగో, నువ్వెందుకు లేస్తున్నవు? కూర్చో తిరుపతీ. ఈ కుర్చీల కూర్చో. సున్న వచ్చినోళ్ళే కద మన క్లాసుల నిలబడేది. జరుగు, నన్ను లేవనియ్యి.