కట్ అన్నంక

ఆర్మూర్‌లో గంగామణి ఇంటి వాకిలి, మధ్యాహ్నం. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఏర్గట్ల నుంచి ఇప్పుడే బస్సు దిగి వచ్చిన ఆడబిడ్డ సువర్ణ ఎదురుగా కూర్చుంది.

"ఏర్గట్లల నీ వీడియో సూడనోళ్లు లేరు వదినా. కిరాణా దుకాణం కాడ సూసిండ్రు, చర్చి కాడ సూసిండ్రు. మా అత్తయితె కండ్లద్దాలు తుడుసుకొని మళ్ల సూసింది."

"ముందుగాల నీళ్లు తాగు. బస్సుల నిలబడి వచ్చినట్టున్నవ్."

"నీళ్లొద్దు. నువ్వు సూసినవా వీడియో?"

"నన్ను నేను సూసుకునుడెందుకు సువర్ణా? అద్దం లేదా ఇంట్ల?"

"అద్దంల గంత మంచిగ ఏడుస్తవా?"

"తడిపిన ఆకు ఆరిపోతుంది. కత్తెర అందుకొని ఆకు కత్తిరిచ్చుకుంట మాట్లాడు."

"ఇయ్యి. మొత్తానికి సినిమా యాక్టర్‌వైనవ్. ముబారక్. రేపు మా అసొంటోళ్లతోని మాట్లాడుతవో లేదో అని ముందే వచ్చిన."

"వచ్చినవ్ తియ్. మీ అన్న దినాలు ఒడిసిన్నాడు గడప దాటినదానివి, మళ్ల గిప్పుడే వస్తున్నవ్. అంత సినిమా మహిమ."

"ఎందుకు రాలేదో తెల్వదా నీకు?"

"తెల్వదు. గీ తంబాకు వాసనకు తలకాయ పనిజేస్తలేదు."

"సరే. ముందుగాల షూటింగ్ ముచ్చట జెప్పు. నిన్నెవరు తీస్కపోయిండ్రు?"

"ఆటో దేవరాజు లేడూ? పసుపు యార్డుల సినిమా దీస్తున్నరు, మనుషులు గావాలె అని గల్లీ గల్లీ తిరిగిండు. ఓట్లప్పుడు మీటింగులకు ఎక్కిచ్చుకపోతడు సూడు, గదే ఆటో, గదే మైకు, గదే బిర్యానీ పొట్లం. జెండ ఒక్కటే తక్కువ."

"నువ్వు ఎగిరి దుంకి ఎక్కినవ్."

"ఎక్కిన. కార్ఖానకు ఆకు రాలే, ఆ వారం పని లేదు. గోడలు సూసుకుంట కూసునుడు కంటె గది నయం గద."

"ఏం జెయ్యమన్నరు?"

"పసుపు కుప్పల నడుమ ఉత్తగ నడువుమన్నరు. టోపీ పెట్టుకొని ఒక సారు ఉన్నడు, నాచురల్‌గ నడువుండ్రి అన్నడు. నడ్సిన. గట్ల గాదన్నడు. మరెట్ల అన్న. పల్లెటూరోళ్ల లెక్క నడువు అన్నడు. పుట్టిన కాడికెళ్లి గట్లనే నడుస్తున్న గద సార్ అన్న."

"ఏమన్నడు?"

"ఆయనే నడ్సి సూపెట్టిండు. నడుము మీద చెయ్యి వెట్టుకొని, నెత్తిన గంప ఉన్నట్టు ఇటూ అటూ ఊగుకుంట. మా గల్లీల నేను గట్ల నడిస్తె దవాఖానకు తీస్కపోతరు."

"నన్ను నవ్వియ్యకు. నవ్వనీకె రాలే నేను."

"నవ్వకు మరి. ఇంకోటి ఇను. పెండ్లికి పోయినట్టు మంచి చీర కట్టుకొని పోయిన. మేకప్ ఆమె సూసి, ఈమె పేదదాని లెక్క కనవడ్తలేదు అన్నది. నా చీర ఇప్పిచ్చి చినిగిన చీరొకటి ఇచ్చింది. మొకానికి మసి రాసింది. గిన్నేండ్లు బతికిన గని, నన్ను పేదదాన్ని జెయ్యనీకె గంత తక్లీఫ్ ఉంటదని గప్పుడే ఎరుకైంది."

"పసుపుకు గూడ రంగేసిండ్రట గద?"

"ఏసిండ్రు. కొమ్ములు కెమెరకు ఆనుతలేవట. కుప్పల మీద రంగుపొడి జల్లిండ్రు. ఆర్మూర్ పసుపుకు పసుపు రాసిన మొగోళ్లు."

"హీరో ఎట్లున్నడు?"

"ఏమో. ఏసీ వ్యాను దిగలే. ఎన్కకెళ్లి ఆయన లెక్కనే కనవడేటాయన ఇంకొకడున్నడు, ఎండల ఆయన్ని నిలవెట్టిండ్రు. హీరోకు వచ్చే కోపం గూడ సగం ఆయనకే వచ్చింది."

"కోపమెందుకు?"

"కథల ఒక రైతు సస్తడు. రేటు పడిపోతె యార్డుల్నే గుండె ఆగి సస్తడు. గది సూసి హీరోకు కోపమొస్తది."

"రైతు హీరోకు ఏమైతడు?"

"ఏంగాడు. హీరోకు కోపం రావాలంటె ఎవడో ఒకడు సావాలె గద. దొంకేశ్వర్ నుంచి జాన్ అని ఒకాయన వచ్చిండు. ఎంత సేపన్న కదలకుంట పండుకుంట అన్నడు. ఆయన్ని చాప మీద పండవెట్టిండ్రు. ఇగ పీనుగకు పెండ్లాం గావాలె."

"నేనంటె నేనని ముందల వడ్డవ్."

"ఎన్కనే ఉన్న. దేవరాజు చెయ్యి వట్టి ముందలికి గుంజిండు. సార్, ఈమె మొగడు దుబాయిల సచ్చిపోయిండు, మంచిగ ఏడుస్తది అన్నడు. ఈమె నాటు మంచిగేస్తది అని కూలోళ్లను సూపెడ్తరు సూడు, గట్ల."

"మంచిగ ఏడుస్తదా! దేవరాజు మా అన్న దినాలకు రాలే గావొచ్చు. వచ్చి ఉంటె నీ ఏడుపేందో ఎరుకైతుండె."

"వచ్చినవా అసలు ముచ్చట కాడికి. గది అననీకే బస్సు వట్టుకొని వచ్చినవ్."

"అంట. ఎందుకనొద్దు? నిరుడు శంషాబాద్ నుంచి అంబులెన్సు వచ్చిన్నాడు గీ వాకిట్లనే గద పెట్టె దించిండ్రు? నేను మన్నుల పొర్లిన. మా అమ్మ సొమ్మసిల్లి పడ్డది. నువ్వేం జేసినవ్? డ్రైవరుకు నీళ్లిచ్చినవ్. డ్రైవరుకు, వదినా! తిన్నవా బిడ్డా అని అడిగినవ్."

"పొద్దుగాల సంది తినలేదట పాపం."

"ఒక్క సుక్క రాలే నీ కంట్ల. మొగడు సస్తె ఏడ్వని ఆడిది యాడన్న ఉంటదా అని అందరన్నరు. నేనే నోరు మూసుకున్న."

"నువ్వు నోరు మూసుకున్న సప్పుడు ఏర్గట్ల నుంచి గీడిదాక ఇనవడ్డది."

"అవును, చెప్పిన. సుట్టాలందరికి చెప్పిన. మా అన్న ముత్తెన్న దుబాయి ఎండల ఎండి పైసలు పంపిస్తె తిన్నది గని ఒక్క కన్నీటి సుక్క ఇయ్యలేదని చెప్పిన. తప్పా?"

"కత్తెర సక్కగ వట్టు. ఆకు వంకర పోతుంది."

"ఆకు సంగతి ఇడువు. మా అన్నకు రాని ఏడుపు ఆ దొంకేశ్వర్ జానుకెట్ల వచ్చింది? గదొక్కటి చెప్పు, నేను బస్సెక్కి పోత."

"జానుకు గూడ రాలే."

"ఏంది?"

"రాలేదంటున్న. ఆయన పక్కన కూసోవెట్టి, రొమ్ము మీద చెయ్యేసి ఏడువు అన్నరు. యాక్షన్ అన్నరు. ఏడుపు రాలే. డైరెక్టరే దగ్గరికొచ్చి మంచిగ చెప్పిండు, నీ భర్తను తల్చుకో అమ్మా అని. తల్చుకున్న. పెట్టె కనవడ్డది. పెట్టెను తల్చుకొని ఎట్ల ఏడుస్తరు?"

"నేను ఏడ్సిన."

"నీకు వస్తది. నాకు రాలే. కండ్లల్ల గ్లిజరిను ఏసిండ్రు. మంట లేసింది, ముక్కు కారింది, ఏడుపొక్కటి రాలే. ఎన్కకెళ్లి ఎవరో అన్నరు, ఇంకోదాన్ని సూడుండ్రి, ఇది బండరాయి లెక్కుంది అని. నువ్వే వచ్చినవా అని తిరిగి సూసిన."

"ఎవరో గని నిజం చెప్పిండ్రు. మరి వీడియోల ఏడ్సిందెవరు? నువ్వు గాదా? ఇంకోటి, గా వీడియోల అసలు పీనుగే లేదు. ఉత్త చాప మీద పడి నెత్తి కొట్టుకుంటున్నవ్. గదేం యాక్టింగు?"

"పీనుగ చాయ్ తాగనీకె పోయింది."

"ఎటకారం వద్దు వదినా."

"ఎటకారం గాదు. నాతోని అయితలేదని డైరెక్టరు కట్ అన్నడు. అప్పటిదాక జాను కండ్లు మూసుకొని కట్టె లెక్క పడి ఉన్నడు. కట్ అనంగనే లేసి కూసున్నడు. మెడ ఇటు ఇరిసిండు, అటు ఇరిసిండు. అంగి దులుపుకున్నడు. అక్కా, నడుము పట్టుకపోయింది, చాయ్ వచ్చిందా అన్నడు."

"అంటె?"

"అంటె ఏముంది. లేసిండు. చెప్పులేసుకున్నడు. పోయిండు. నేను సూసుకుంట కూసున్న. గప్పటిదాక సచ్చి పడి ఉన్న మనిషి, చెప్పులు యాడున్నయో ఎతుక్కొని ఏసుకుంటున్నడు. ఇగ ఆ తర్వాత ఏమైందో నాకే తెల్వదు."

"వదినా..."

"మీ అన్న లేవలే, సువర్ణా."

"ఊకో."

"రాత్రి పండుకున్నోడు పొద్దుగాల లేవలే అని క్యాంపు రూమోళ్లు ఫోన్ల చెప్పిండ్రు. ఇన్న. పెట్టె వచ్చింది. తెరువుండ్రి, మొకం సూస్త అన్న. బాగ రోజులైంది, సూడలేవు అని మీ మామ అన్నడు, మీ చిన్నాయన అన్నడు, పెద్దమనుషులందరన్నరు. పెట్టెతోనే బొంద వెట్టిండ్రు. లోపట మీ అన్నే ఉన్నడో, ఇంకెవరన్న ఉన్నరో నాకేమెరుక? ఎవరిదో పెట్టె తెచ్చి నా వాకిట్ల దించితె డ్రైవరుకు అన్నం పెట్టి తోలకపోతె ఏం జెయ్యాలె?"

"గట్లనుకున్నవా నువ్వు?"

"అనుకునుడు గాదు. నాకు గట్లనే ఉండె. ఆయన దుబాయిల్నే ఉన్నడు, శుక్రవారం ఫోన్ జేస్తడు. శుక్రవారం వస్తె చాలు, ఫోన్ నిండ ఛార్జింగు పెట్టుకుంటుంటి."

"గింత కాలమా? ఒక్కనాడన్న నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్పుడు, వాట్సాపుల పెట్టుడు ఒకటే గద."

"గిప్పుడు గూడ గదే మాటనా?"

"ఇంకేమనాలె మరి? జాను లేసి పోతుంటె గప్పుడు సమజైంది నాకు. మనిషి సచ్చిపోవుడంటె గిట్ల లేవకపోవుడు అని. చిన్న పోరగాండ్లకు గూడ తెలుస్తది గది. నాకు జాను చెప్పులేసుకుంటె తెల్సింది."

"జాను ఏమన్నడు? ఆయన సూసిండా నువ్వు ఏడుస్తుంటె?"

"చాయ్ గిలాస వట్టుకొని ఉరుక్కుంట వచ్చిండు. పరేషానైండు పాపం. అక్కా, నేను సావలే అక్కా, గీడనే ఉన్న సూడు అనుకుంట చెయ్యి నా ముందల వెట్టిండు. ముట్టుకొని సూడు అన్నడు. ముట్టుకున్న. వెచ్చగుంది. ఇంక ఎక్కువైంది నాకు."

"చాయ్ గిలాస వట్టుకున్న చెయ్యి వెచ్చగుండదా?"

"ఆయన గూడ గదే అన్నడు."

"నవ్వొస్తుంది నాకు. ఎందుకొస్తుందో ఏమో."

"నవ్వు. కొంగుతోని కండ్లు తుడుసుకొని నవ్వు. ఆకుల మీద పడ్తున్నయి."

"నేనేమన్న సూసిన్నా వదినా? నేను గూడ పెట్టెనే గద పట్టుకొని ఏడ్సింది. గిప్పటికి గూడ అన్న మొకం యాదికి తెచ్చుకుందామంటె ముందుగాల గా చెక్కనే వస్తది."

"నాకు మేకులు. నాలుగు దిక్కుల మేకులు."

"డైరెక్టరు మస్తు మెచ్చుకున్నడని అందరంటున్నరు?"

"మెచ్చుకున్నడా! నెత్తి కొట్టుకున్నడు. కట్ అన్నంక కెమెర బందు జేసిండ్రట. గంత ఏడుపు ఉత్తగనే పాయె. ఎవరో సెల్లుల దీసి స్టేటస్ పెట్టుకున్నరు. ఏర్గట్లోళ్లకు దొరికింది, సినిమోళ్లకు దొరకలే."

"అంటె సినిమాల నువ్వు లేవా?"

"కొంచం వీపు వస్తదట. అదన్న చినిగిన చీరతోని."

"గా వీపుకా మా ఊర్ల గింత లొల్లి!"

"పొద్దుగాల దేవరాజు వచ్చిండు. రేపు మళ్ల దీస్తరట. జాను మళ్ల సస్తడట. సెల్లుల ఎట్ల ఏడ్సినవో గట్లనే ఏడువాలె, ఎక్కువొద్దు, తక్కువొద్దు అని డైరెక్టరు చెప్పి తోలిండట."

"పోతవా?"

"ఏడుపు నిన్నటి కూరనా, పొయ్యి మీద వెట్టి ఎచ్చ జేసి ఇయ్యనీకె? పోను. రాను అని దేవరాజుకు చెప్పిన."

"పో వదినా."

"ఎవరు, నువ్వేనా? బజార్ల పరువు దీసినవని కొట్లాడనీకె వచ్చినదానివి."

"కొట్లాట ఎల్లుండి జేస్త. రేపు పోదాం. నేను గూడ వస్త."

"నువ్వొస్తె ఇంకేంది, డైరెక్టరు దండం వెడ్తడు. యాక్షన్ అనక ముందే యార్డంత పొర్లుతవ్. గ్లిజరిను ఆమె ఇంటికి పోవచ్చు."

"ఏడువను."

"ఏడ్వకుంటె ఎందుకు మరి? బిర్యానీకా?"

"నన్ను ఏడ కూసోవెట్టకున్న ఫికర్ లేదు. కుప్పల ఎన్క యాడనో నిలవడ్త. కట్ అన్నంక ఆయన లేసి చెప్పులేసుకుంటడు గద... గదొక్కటి సూస్త వదినా."