డెర్దాస్ ఈటె పొడుగు

మగాడికి నాలుక రెండుసార్లు పొడుగవుతుంది. యుద్ధం నుంచి తిరిగొచ్చాక, నా సారాకొట్టులో కూర్చున్నాక. డెర్దాస్‌కి ఆ మధ్యాహ్నం రెండూ కలిసొచ్చాయి. తూర్పుదేశాల నుంచి వచ్చి నెల కాలేదు, మా బెరోయ ఊరి కుర్రాళ్లకి ఆయుధవిద్య నేర్పే కొలువు తనకే కావాలన్నాడు. ఆ కొలువు ఇచ్చే పెద్దాయన మఖాతాస్ ఎదురుగా పడక మీద ఒరిగి ఉన్నాడు. మంచు కరగ్గానే ఆ కుర్రాళ్లు యుద్ధానికి పోతారు. వాళ్లలో నా కొడుకూ ఒకడు. అందుకే సారా కుండ పక్కన పెట్టి నేనూ చెవి ఒగ్గాను.

తగువు పాతదే. డెర్దాస్ పనిచేసొచ్చిన రాజుగారి డాలుదళం, అంటే సైన్యంలో ఏరికోరి తీసిన కాల్బలం, ఏం పట్టుకుని పోరాడింది? పెద్ద డాలు, పొట్టి ఈటె అంటాడు మఖాతాస్. మెడకి వేలాడే చిన్న డాలు, రెండు చేతులా పట్టే బారు ఈటె అంటాడు ఆయన బావమరిది బీలోస్. ఇద్దరిలో ఎవరికి కోపమొచ్చినా కొలువు దక్కదు.

"ఇద్దరూ నిజమే చెప్పారు," అన్నాడు డెర్దాస్. "మిగతావాళ్లకి ఏదో ఒకటే ఇచ్చేవారు. నన్ను చూసి పెద్ద డాలు, బారు ఈటె కలిపి ఇచ్చారు."

"రెండు చేతులూ ఈటెకే పోతే డాలు దేంతో పట్టావురా?" అన్నాడు బీలోస్.

"మోచేత్తో మామా. మొదట్లో కష్టమే, నేను కాదనను. ఒక కోట కింద నిలబడ్డాం, పైనుంచి రాళ్లు. పక్కవాడికి నా డాలు అడ్డం పెట్టాను, అంతే, అందులో గొప్పేం లేదు. ఆ రాయి డాలుకి కొట్టుకుని వెనక్కిపోయి విసిరినవాడి నెత్తినే పడింది. వాడు ఇంకొకణ్ణి పడేశాడు, వాడు మరొకణ్ణి, అలా గోడ ఆ వైపంతా ఖాళీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మన నిచ్చెన విరిగింది."

"నేననేదీ అదేగా," అన్నాడు మఖాతాస్. "బారు ఈటెతో నిచ్చెన ఎక్కేదెవడు?"

"నేనెక్కలేదు బాబాయ్. ఈటె మొదలు నేలలో గుచ్చి, పరుగెత్తుకొచ్చి ఒక్క ఊపు ఊగాను. గోడ దాటాను, గోడ వెనకున్న గుడీ దాటాను, అంగడి నడిమధ్య దిగాను. పైనుంచి చూస్తే మన గుడారాలు కోడిగుడ్లలా కనబడ్డాయి."

"అంగడిలో ఒక్కడివేనా?" అన్నాడు బీలోస్.

"ఒక్కణ్ణే అయితే బాగుండేది, ఏనుగులున్నాయి. ముందున్నది తొండంతో నా డాలు పట్టుకుంది. డాలు వదిలితే దళంలో పరువుంటుందా? నేనూ వదల్లేదు, అదీ వదల్లేదు. దాన్ని అలాగే గిరగిరా తిప్పి అవతలకి విసిరాను. మిగిలినవి ఈటెకి గుచ్చుకున్నాయి, చువ్వకి మాంసం ముక్కలు గుచ్చినట్టు, వరసగా. చివర ఇంకా కొంచెం చోటు మిగిలింది."

"ఈటె అంతలో అంత పెరిగిందేం, నీళ్లు పోశావా?" అన్నాను.

"అక్కడి ఎండకి ఇనుమే సాగుతుంది నికెసో అక్కా, కర్రెంత? తిరుగుదారిలో నది పొంగింది, పడవల్లేవు. ఈటె అడ్డంగా పడేస్తే ఆ ఒడ్డుకి అందింది. సైన్యమంతా దాని మీదే నడిచింది. గుర్రాలు, బళ్లు, వంటవాళ్లు. సేనాపతిగారు నట్టనడుమ ఆగి కాసేపు చేపల్ని కూడా చూశారు."

బారు ఈటె గెలిచిందని బీలోస్‌కి సంతోషం. డాలు వదల్లేదని మఖాతాస్‌కి సంతోషం. ముసలాళ్లకి తమ మాట నెగ్గితే చాలు, ఎవరి కొడుకు చచ్చేదీ తర్వాత సంగతి. మఖాతాస్ తన పడక మీద సగం చోటు ఖాళీ చేశాడు.

"రా, నా పక్కన ఒరిగి ఈ గిన్నె తాగు. కొలువు నీదే."

డెర్దాస్ పీట మీంచి కదల్లేదు. "ఇక్కడ బాగానే ఉంది బాబాయ్. గిన్నె ఇలా అందించండి."

అప్పుడు వెలిగింది నాకు. మా దేశంలో వల లేకుండా అడవిపందిని చంపినవాడే పడక మీద ఒరుగుతాడు. చంపనివాడు, తల నెరిసినా సరే, కూర్చునే తాగాలి. యుద్ధం గురించి ఎన్ని కోతలైనా కోసుకోవచ్చు. పంది విషయంలో అబద్ధమాడి పడకెక్కితే మాత్రం వేటదేవుడు హెరాక్లీస్ ఊరుకోడని ఇక్కడ పాలుతాగే పిల్లకైనా తెలుసు.

"ఏనుగుల సంగతి సరే డెర్దాస్," అన్నాను. "పంది మాటేమిటి?"

వాడు కొండ మీది హెరాక్లీస్ గుడి వైపు చూశాడు.

"లేదక్కా," అన్నాడు మెల్లగా. మరుక్షణమే రొమ్ము విరిచాడు. "నేను కొండెక్కుతున్నానని తెలిసి పందులన్నీ దేశం వదిలిపోయాయి. నా తప్పా?"

"మరి ఇవాళ పొద్దున బీలోస్ ద్రాక్షతోట తవ్విపోయిందెవరు, నువ్వేనా?"

మఖాతాస్ పడక మీద మళ్లీ కాళ్లు బారజాపుకున్నాడు.

"రేపు కుర్రాళ్ల వరసలో నిలబడు," అన్నాడు. "నేర్పడానికి కాదు, నేర్చుకోడానికి. వాళ్లతో కొండెక్కి ముందు ఆ పంది సంగతి చూడు. ఈటె నీ ఇష్టం. బారుది ఇవ్వమంటావా, పొట్టిదా?"

డెర్దాస్ బీలోస్ వైపు చూడకుండా తల దించుకున్నాడు.

"పొట్టిదే ఇప్పించండి బాబాయ్," అన్నాడు.

బీలోస్ ఆ పూట నా కొట్టులో ఇంకొక్క చుక్క ముట్టలేదు.