ఫోటోలో పడ్డ బొటనవేలు

అట్లా ఉలిక్కిపడితే ఎట్లాగే ఓజెల్లా, చెవి కాలిందంటే మళ్ళీ నన్నే అంటావు. చెవి మడిచి పట్టుకో. ఆ, అలాగే. నలభై ఏళ్ళు దాటింది నీ తల దువ్వబట్టి, ఇప్పటికీ జుట్టు సాపుచేసే ఈ వేడి దువ్వెన దగ్గరికి తెస్తే చంటిపిల్లలా మెడ ముడుచుకుంటావు.

ఏంటీ? దువ్వెన మరీ వేడిగా ఉందా?

సరేలే, కాస్త చల్లారనిస్తాను. ఇవాళ పొయ్యి మీద ఎక్కువసేపు ఉంచేశాను.

అసలు ఆదివారం నేను షాపు తెరవను, నీకు తెలుసు. పాస్టరు గారి భార్య బతిమాలినా తెరవలేదు ఏనాడూ. "రేపు కోర్టులో నా కొడుకు వెనక బెంచీలో కూర్చోవాలి ఎర్నస్టీన్, తల కాస్త మర్యాదగా ఉండాలి" అని నువ్వు ఫోన్ చేస్తే కాదనలేకపోయాను. నీ జుట్టు నున్నగా ఉందని జడ్జిగారు రోడ్రిక్‌ని వదిలేస్తాడా ఏంటి? ఏదో, మన తృప్తి.

ఆగు. ఆ కారు ఎవరిది?

నువ్వు లేవకు, నేను చూస్తాను. ఆగిందా, పోయిందా... పోయిందిలే. కోళ్ళఫారం వాళ్ళది.

అలా చూడకు. మంగళవారం నుంచీ ఇంతే నేను. తెల్ల కారు కనిపిస్తే చాలు, కిటికీ దగ్గరికి పరుగెత్తుతాను. నీకు చెప్పలేదు కానీ, మంగళవారం ఒకతను వచ్చాడు, ప్రాసిక్యూటరు ఆఫీసు నుంచి. టోపీ తీసి, బూట్లు తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. నువ్వు కూర్చున్న కుర్చీలోనే. కూర్చుని జేబులోంచి ఫోటో తీశాడు.

ఏ ఫోటో అంటావేంటే, ఊరంతా చూసిన ఫోటోనే. మొన్న నవంబరులో ఓట్ల రోజున మన చర్చి హాల్లో పాస్టరు గారి భార్య తీసి ఫేస్‌బుక్‌లో చర్చి పేజీలో పెట్టింది చూడు, అదే. నీ కొడుకు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. నీలం చొక్కా. జేబు మీద పీచ్ పండు బొమ్మ స్టిక్కరు, 'నేను ఓటు వేశాను' అని రాసి ఓటు వేసినవాళ్ళకి మేం అంటించేది. ఆ స్టిక్కరు అంచు మీద ఒక బొటనవేలు నొక్కుతూ ఉంది. మనిషి పడలేదు, వేలొక్కటే పడింది.

"ఈ వేలు ఎవరిదో చెప్పగలరా మేడమ్?" అన్నాడు.

నేనేం చెప్పాలి చెప్పు? ఆ రోజు హాల్లో నలుగురం పని చేశాం, సాయంత్రం రద్దీలో ఎవరి చేతికి దొరికితే వాళ్ళు అంటించారు, నాకు గుర్తులేదన్నాను. "ఇరవై రెండేళ్ళుగా స్టిక్కర్ల బల్ల దగ్గర కూర్చునేది మీరేనట కదా" అన్నాడు. కూర్చుంటాను, బాత్రూమ్‌కి కూడా వెళ్తాను కదండీ అన్నాను. నవ్వలేదు. పుస్తకంలో రాసుకున్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడే ఓజెల్లా. అబద్ధం అక్షరాల్లోకి ఎక్కుతుంటే చూస్తూ నిలబడ్డాను.

తల కాస్త ఇటు తిప్పు.

వెళ్ళేముందు ఏమన్నాడో తెలుసా? తనకి ఓటు లేదని రోడ్రిక్‌కి తెలుసా, తెలియదా, ఈ కేసంతా ఆ ఒక్క మాట మీదే ఉంది మేడమ్, ఆ సంగతి ఈ వేలు తాలూకు మనిషికి తెలిసి ఉంటుంది అన్నాడు. ఒకసారి నా చేతి వంక చూశాడు. కార్డు అద్దం దగ్గర పెట్టి వెళ్ళాడు. అదిగో, క్లిప్పుల డబ్బా కింద ఉంది. తీసి పారేయడానికీ భయమే, పైకి పెట్టడానికీ భయమే.

నీ కొడుకు ఎంత మొండివాడే. వాడి లాయరమ్మాయి నాలుగుసార్లు అడిగిందట కదా, ఓటు వెయ్యొచ్చని నీకు ఎవరైనా చెప్పారా అని. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే వెళ్ళాను అన్నాడట. నువ్వే చెప్పావు కదా పోయిన వారం. ఏడుస్తూ చెప్పావు. ఎవరి పేరైనా చెబితే తేలిపోతుందంటోంది ఆ పిల్ల, వీడు నోరు విప్పడు అని. నేను నీ తలకి నూనె రాస్తూ విన్నాను. ఊ కొడుతూ విన్నాను.

అప్పట్లో దొంగిలించిన టైర్లున్న ట్రక్కు నడిపాడని పడింది వాడికి శిక్ష. టైర్లు దొంగవని వాడికి తెలుసో లేదో దేవుడికే తెలియాలి. నాలుగేళ్ళు లోపల. బయటికొచ్చాక ఆరేళ్ళు ప్రొబేషన్, నెలనెలా ఆఫీసరు ముందు సంతకం. బయట తిరుగుతున్నా శిక్ష ఇంకా నడుస్తున్నట్టే లెక్క, అది పూర్తయ్యేదాకా ఓటు లేదు. మిగిలింది పద్నాలుగు నెలలే. ఇప్పుడు ఆ పద్నాలుగు నెలలూ లోపలే, పైన కొత్త కేసు, అయిదేళ్ళ దాకా పడొచ్చు అంటోంది లాయరు. దేనికి? ఒక మిషన్ మీద నాలుగు చోట్ల వేలు పెట్టినందుకు.

ఓటర్ల జాబితాలో వాడి పేరెందుకుంది మరి? డ్రైవింగు లైసెన్సు కొత్తది తీసుకున్నప్పుడు దానంతట అదే ఎక్కిందట. ఎక్కించిన మిషన్ని ఎవరూ కోర్టుకి పిలవరు.

నీళ్ళు తాగుతావా? నేను తాగుతాను, ఆగు.

నా స్టిక్కర్ల సంగతి నీకు తెలుసు కదా. నవ్వుకునేవాళ్ళు అందరూ. పక్క పోలింగ్ బూత్‌లో ఆ క్లోటీల్డ్ చూడు, పిల్లలకీ ఇస్తుంది, కుక్కపిల్లకి కూడా ఒకసారి అంటించింది. నేనా? మేయరు మనవడు నేల మీద పడి దొర్లినా ఇవ్వలేదు. ఓటు వేసినవాడికే స్టిక్కరు. మిఠాయి కాదది. మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటిసారి ఓటుకని వెళ్తే, నల్లవాళ్ళని ఓటు వెయ్యనివ్వకూడదని, సబ్బుబిళ్ళలో బుడగలెన్నో చెబితేనే అన్నారు. చెప్పలేక ఇంటికొచ్చి, ఆ చొక్కా విప్పి మేకుకి తగిలించి, అన్నం తినకుండా పడుకున్నాడు. ఆయన చొక్కాకి ఎవరూ ఏదీ అంటించలేదు. అందుకని నాకు ఆ రోల్ చేతిలో ఉంటే ఏదో పెద్దపని చేస్తున్నట్టు. ఒక్కోటీ ఒలిచి, గుండె మీద పెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కుతాను, ఊడిపోకుండా.

ఆ. బొటనవేలితోనే.

తల కాస్త కిందికి వంచు. మెడ దగ్గర ఇంకా మిగిలింది.

ఆ రోజు సాయంత్రం నువ్వు లోపల ఓటు మిషన్ దగ్గరున్నావు. కళ్ళద్దాలు మర్చిపోయావని ఆలస్యమైంది నీకు. నిన్ను దింపడానికి వచ్చాడు రోడ్రిక్, ట్రక్కులోనే కూర్చుంటానన్నాడు కదా, కానీ కూర్చోలేదు. టోపీ చేతిలో పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. "పిన్నీ, ఒక మాట" అన్నాడు. నలభై ఒక్కేళ్ళొచ్చినా నన్ను పిన్నీ అనే పిలుస్తాడు, మొదటిసారి వాడి తల కత్తిరించింది నేనే.

నీ మనవరాలు నైలాకి బళ్ళో ఏదో చెప్పారట. ఇంట్లో పెద్దవాళ్ళ స్టిక్కర్లు నోటు పుస్తకంలో అంటించుకు రమ్మన్నారట. పిల్ల రెండు గళ్ళు గీసుకుందట. ఒకదాని కింద నానమ్మ, ఒకదాని కింద నాన్న అని రాసుకుందట.

నీకు తెలుసా గళ్ళ సంగతి? తెలిసే ఉంటుందిలే. కానీ వాడు నాతో ఏమన్నాడో తెలియదు నీకు. అది ఎవరికీ తెలియదు. ఆ తెల్లకారు అతనికీ తెలియదు.

దువ్వెన పక్కన పెడతాను. చేతిలో ఉంటే నీ మెడ కాల్చేసేట్టున్నాను.

"పిన్నీ, నాకు ఓటు గీటు ఏమీ వద్దు, నా ప్రొబేషన్ ఇంకా ఉంది, ఎందుకొచ్చిన గొడవ. ఊరికే ఒక్క స్టిక్కరు ఇవ్వు. పిల్లకి ఇచ్చేస్తాను" అన్నాడు.

విన్నావా? ఊరికే ఒక్క స్టిక్కరు. నా ముందు రోల్‌లో ఇంకా ఎన్నో ఉన్నాయే. ఒక్కటి ఒలిచి చేతిలో పెడితే ట్రక్కెక్కి వెళ్ళిపోయేవాడు.

నేనేమన్నానో చెప్పనా? "పిల్లకి అబద్ధం అంటించి పంపుతావురా? ఓటు వేస్తేనే స్టిక్కరు" అన్నాను. చుట్టూ జనం ఉన్నారు, అందరూ వినాలనే గట్టిగా అన్నాను. వాడు సిగ్గుపడ్డాడు. వెళ్ళబోయాడు కూడా. నేనే లేచి, చెయ్యి పట్టుకుని జాబితా బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, వీడి పేరు చూడమ్మా అన్నాను. పేరుంది. "చూశావా, ఉండకూడనిదైతే పేరెందుకుంటుందిరా, ఇన్నేళ్ళు బుద్ధిగా ఉన్నావు, వెళ్ళు" అన్నాను. "నిజంగా పర్లేదా పిన్నీ?" అన్నాడు. రెండుసార్లు అడిగాడు. పర్లేదన్నాను. సంతకం పెట్టే కాయితంలో ఎవరు ఓటు వెయ్యకూడదో సన్నక్షరాల్లో ఉంటుంది, వాడు చదవబోతుంటే వెనక లైను ఆగిపోతోంది కానివ్వరా అన్నాను.

మాకు సెప్టెంబరులో సగంరోజు శిక్షణ ఇస్తారు. ప్రొబేషన్ వాళ్ళ గురించి ఒక పేజీ ఉంటుంది. ఇరవై రెండేళ్ళు విన్నదే కదా అని మధ్యలోనే లేచి వచ్చేశాను నేను, ఎవరిదో పెళ్ళి జడలున్నాయని. తెలియదనుకో. కానీ తెలియదని ఊరుకున్నానా? తెలిసినట్టు చెప్పాను.

బయటికొచ్చాక వాడి మొహం నువ్వు చూశావు. నేను అంటించాను. పాస్టరు గారి భార్య ఫోటో తీసింది. రెండు రోజులు ఊడిపోకుండా దాచి నైలా పుస్తకంలో అంటించాడట. ఆ పుస్తకాన్ని కూడా సాక్ష్యమని కవర్లో పెట్టి తీసుకెళ్ళారని నువ్వు చెప్పినప్పుడు, పెరట్లోకి వెళ్ళి కక్కుకున్నాను. నూనె వాసన పడలేదన్నాను నీకు.

చెప్పేద్దామని రోజూ అనుకుంటాను. ఆ కార్డు మీద నంబరు నాకు నోటికొచ్చేసింది. కానీ ప్రమాణం చేసి ఆ బల్ల దగ్గర కూర్చున్నదాన్ని కదే నేను. వాడు ప్రొబేషన్ ఉందని చెప్పినా పంపించానంటే నా మీదా కేసే. అరవై ఏడేళ్ళు నాకు. షుగరు. ఇంటిదగ్గర ఎవరున్నారు, ఈ షాపు తప్ప? జైలు గది తలుపు మూసిన చప్పుడు కలలోకొస్తోంది. నాకు లిఫ్టులోనే ఊపిరాడదు.

భయమే ఓజెల్లా. ఇంకేం పేరు పెట్టను దానికి? నీ కొడుకు నా పేరు నోటిలోనే నొక్కిపెట్టుకుని కూర్చున్నాడు, నేను వాడి వెనక దాక్కున్నాను.

ఇదిగో, ఈ ప్లాస్టరు చూడు. ఏమైందే నీ వేలికి, ఇంకా మానలేదా అని జనవరిలో అడిగావు. కత్తెర తగిలి తెగిందన్నాను. తెగలేదు. రోడ్రిక్‌కి కోర్టు నోటీసొచ్చిన రోజే చుట్టాను. తీస్తున్నాను చూడు... నీ పెళ్ళినాడు ఇలాగే తల దువ్వుతుంటే నువ్వు కదిలావు, దువ్వెన జారి కాలింది. అర్ధచంద్రంలా ఈ మచ్చ. ఫోటోలో కనిపిస్తూనే ఉంది.

ఏంటీ?

మళ్ళీ చెప్పు.

ఆ నోటీసు వెంట ఫోటో చూసిన రోజే పోల్చుకున్నావా?

నీకు జనవరి నుంచీ తెలుసా? తెలిసి ప్రతి వారం వచ్చి, ఈ కుర్చీలో కూర్చుని, నా చేతి కింద తల పెట్టావా? దేనికే? నేను చెప్తానేమోననా?

అయ్యో ఓజెల్లా. తిట్టు. ఆ దువ్వెన తీసి నా మొహాన కొట్టు. అట్లా అద్దంలోంచి చూడకు.

రేపు తొమ్మిదిన్నరకి. ఆ, తెలుసు. మేడమీద రెండో గది.

కోర్టుకొచ్చి నిజం చెప్తానని ప్రమాణం చెయ్యమంటావా? చెయ్యను. ఒకసారి ప్రమాణం చేసి ఏం చేశానో చూశావుగా. ఇప్పుడు నీ ముందు వస్తానంటాను, పొద్దున్నకి కాళ్ళు రావు. నాకు నా సంగతి తెలుసు. రేపు ఎనిమిదింటికి నువ్వే రా. తలుపు కొడతావు, తియ్యను. లోపల ఊపిరి బిగబట్టి, ఇంట్లో లేనట్టు పడుకుంటాను. ఏదో పెరటిదారిన వెళ్ళిపోయిందనుకుని తిరిగి పోకు.

వెనక గుమ్మం దగ్గర బంతిపూల కుండీ ఉంది కదా, దాని కింద తాళంచెవి ఉంటుంది. తీసుకుని లోపలికొచ్చెయ్.

ఇంక చెవి పట్టుకో. ఎడమవైపు సగం మిగిలిపోయింది.