ఉప్పెంత వేయాలో అడిగిన దివాకర్ గారు

1996 సెప్టెంబరు తొమ్మిదవ తేదీ, సోమవారంనాడు, అమెరికాలో మోరిస్‌విల్ ఊళ్లోని మా ఔషధ పరీక్షాలయంలో డాక్టర్ దివాకర్ గారు శాస్త్రవేత్తగా బాధ్యతలు స్వీకరించారు. కార్యాలయం చూపించడానికి వచ్చిన ఉద్యోగితో "పర్లేదు, నేనే చూసుకుంటాను" అని చెప్పి, దారి తప్పి, మధ్యాహ్నానికి గాని తమ గది చేరుకోలేకపోయారని పాతవారు నేటికీ ప్రేమగా చెప్పుకుంటారు.

మందుబిళ్లలు ఎంతకాలం చెడకుండా నిలుస్తాయో తేల్చే విభాగంలో వారి స్వతంత్ర మేధ మా సంస్థకు అలంకారమైంది. పదిమందీ ఔనన్నారు గనుక తామూ ఔననడం వారికి చేతకాని విద్య. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించేవారు కారు గాని, స్వయంగా లెక్కపెట్టనిదే నాలుగని ఒప్పుకొనేవారూ కారు. 2008లో ఒక గుండెజబ్బు మందు రెండేళ్లు నిలుస్తుందని అందరూ సంతకాలకు సిద్ధమైన వేళ, వారొక్కరే "నిలవదు" అని లేచి వెళ్లిపోయారు. మళ్లీ పరీక్షించగా వారి మాటే నిజమైంది. ఎందుకు నిలవదో ఆనాడే వివరించి ఉంటే మాకు మూడు వారాల తలనొప్పి తప్పేది. తమకు బోధపడినది లోకమంతటికీ బోధపడినట్టేనని భావించడం, ఎవరి సాయమూ కోరకపోవడం వారి బలహీనతలని ఈ వీడ్కోలు శుభవేళ చెప్పినా వారు నొచ్చుకోరు. అబద్ధం చెబితేనే నొచ్చుకుంటారు.

2019లో విభాగాధిపతి అయిన తరువాత, కొత్తగా చేరిన విద్య అనే అమ్మాయి తొలి నివేదిక చదివి, "ఇది మీ అభిప్రాయమా, పైవాళ్లదా?" అని అడిగారు. ఆ సాయంత్రం ఆ అమ్మాయి కార్‌లో కూర్చుని ఏడ్చింది.

రెండేళ్ల క్రితం వారి సతీమణి మీనాక్షి గారికి తుంటి శస్త్రచికిత్స జరిగింది. వంతులవారీగా భోజనం పంపుతామని సహోద్యోగులంటే, "థాంక్సండీ, మేం మేనేజ్ చేసుకుంటాం" అన్నారు దివాకర్ గారు. మీనాక్షి గారు రోజురోజుకూ నీరసించిపోయారు. కడుపునిండా తింటేనే మళ్లీ నడవగలరని థెరపిస్ట్ హెచ్చరించారు. విద్య చెప్పాపెట్టకుండా పప్పూ కూరా బాక్స్‌లో పెట్టి వారి గుమ్మం ముందు ఉంచి వచ్చింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మీనాక్షి గారు పట్టుబట్టగా, దివాకర్ గారు తాము స్వహస్తాలతో చేసిన ఉప్మా ఆ బాక్స్ నిండా పెట్టి ఆఫీస్‌కి తెచ్చారు.

లంచ్‌లో తలా ఒక చెంచా రుచి చూసినవారంతా "సూపర్ సార్!" అన్నారు. విద్య వంతు వచ్చింది.

"సార్, ఇందులో ఉప్పు లేదు."

అందరూ బిక్కచచ్చిపోయారు. దివాకర్ గారు మాత్రం ఆశ్చర్యంగా ఉప్మా వంక చూశారు. "నేను ఆవకాయ నంజుకుంటాను, నాకు తెలీలేదు. మీనాక్షి వారం నుంచీ ఇదే తింటోంది. ఏమీ అనలేదే!"

"ఆంటీ అనరు సార్. మీరంత కష్టపడి చేస్తుంటే ఎలా అంటారు? మీరే అడగాలి."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, కాగితం ముందుకు లాక్కున్నారు. ఆ తరువాత, "ఎంత వెయ్యాలి?" అన్నారు. వారు ఒకరిని సలహా అడగడం మా పరీక్షాలయంలో అదే ప్రథమం.

మరునాటి నుంచి మా అందరి ఇళ్ల భోజనాలూ వారింటికి వెళ్లాయి. ఆ ఏటి ఉగాది వేడుకకు మీనాక్షి గారు చేతికర్ర లేకుండా పార్కింగ్ నుంచి హాల్లోకి నడిచివస్తుంటే మా కళ్లు చెమర్చాయి. పక్కనే నడుస్తున్న దివాకర్ గారు అడుగడుక్కీ "నొప్పిగా ఉందా?" అని అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు వారు ఖాళీ చేస్తున్న స్థానానికి వారు సూచించిన పేరు విద్యది. కారణమేమని యాజమాన్యం అడిగితే, "ఉప్పు లేకపోతే లేదంటుంది" అన్నారట.

దివాకర్ గారూ, మీనాక్షి గారూ నూరేళ్లు ఆయురారోగ్యాలతో, ఇంటినిండా నవ్వులతో వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. నేటి వీడ్కోలు విందుకు దివాకర్ గారు ఉప్మా చేసి తెచ్చారు. మీనాక్షి గారిని రుచి అడిగాకే పొయ్యి మీదనుంచి దించారట.