ఒకటో తరగతిలో పెద్దక్క గారి కుర్చీ

1988 జూన్ పదమూడవ తేదీన, బడులు తిరిగి తెరిచిన నాడే, మా ప్రధానోపాధ్యాయురాలు ఈ పాఠశాలలో ఒకటో తరగతి ఉపాధ్యాయినిగా అడుగుపెట్టారు. తోటి ఉపాధ్యాయులం మేమందరం ఆప్యాయంగా ‘పెద్దక్క’ అని పిలుచుకునే వారు పదవీ విరమణ చేస్తున్న ఈ సందర్భంలో వారి ధైర్యాన్ని కొనియాడడం మర్యాద. అయితే తమను ఇంతకాలం నడిపించినది భయమేనని వారే నవ్వుతూ చెబుతారు.

ఆ భయం వారిని ఉద్యోగంలో చేరిన ఏడాదే పట్టుకుంది. తోటి పిల్లను కొరికిందన్న నేరానికి ఒక పసిపాపను వారం రోజులు బడికి రావద్దని నాటి ప్రధానోపాధ్యాయులు ఆదేశించగా, పెద్దక్క గారే చేయి పట్టుకుని గేటు దాటించి వచ్చారు. పాప ఇంటికి తాళం వేసి ఉంది. తల్లి పనికి వెళ్లింది. చీకటి పడే వేళకు ఆ పాప బస్టాండులో బెంచీ కింద, పుస్తకాల సంచిని గుండెలకు హత్తుకుని దొరికింది. దొరక్కపోతే? ఆ ప్రశ్న వారి గుండెల్లో గుబులై కూర్చుంది. గేటు చప్పుడైతే చాలు, వారి చూపు నేటికీ అటే పోతుంది.

కాలక్రమంలో ప్రధానోపాధ్యాయురాలిగా పదోన్నతి పొందిన వారు, రెండో తరగతి వరకు ఏ బిడ్డనూ శిక్షగా ఇంటికి పంపరాదని, బడి నుంచి తొలగించరాదని బడి కమిటీని ఒప్పించి నియమం చేశారు. ఏడాది తిరగకముందే ఒకటో తరగతి పాప విసిరిన కత్తెర పక్కపిల్ల కంటికి కొద్దిలో తప్పి కణతను గీరింది. దెబ్బ తగిలిన పిల్ల తండ్రి, లారీ డ్రైవరు, పరుగున వచ్చారు.

“ఇవాళ కణత, మేడమ్. రేపు కన్ను పోతే మీరు తెచ్చిస్తారా? ఆ పిల్లని పంపించెయ్యండి. లేకపోతే మా పిల్లని తీసుకుపోతా.”

పెద్దక్క గారు ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

“మీ భయం నిజమే అన్నయ్యా. నాకూ కాళ్లూ చేతులూ ఆడట్లేదు. కానీ ఆ పిల్లని గేటు బయట పెడితే అక్కడెవరు చూస్తారు? రేపట్నుంచి నేనే ఆ గదిలో కూర్చుంటా, వాళ్లిద్దరి మధ్యలో.”

“మీరు ఒక్కరోజు లేకపోయినా మా పిల్ల రాదు,” అని ఆయన వెళ్లిపోయారు.

మర్నాడే వారి కుర్చీ ఒకటో తరగతికి తరలింది. కార్యాలయ వ్యవహారాలన్నీ పిల్లల పాటల హోరులోనే సాగాయి. తనిఖీకి విచ్చేసిన అధికారి చిట్టి బెంచీలో ఇరుక్కుపోగా మేమే పట్టి లాగవలసి వచ్చింది. ఆ పాప రాత్రికి రాత్రే బుద్ధిమంతురాలైందని చెప్పబోము. ఏడాదంతా విసురుతూనే ఉంది, కాకపోతే చేతికందేవన్నీ గుడ్డ బంతులే. పెద్దక్క గారు జ్వరంలోనూ సెలవు పెట్టలేదు. పిల్లలిద్దరూ పై తరగతికి వెళ్లినా కుర్చీ మాత్రం అక్కడే ఉండిపోయింది.

మొన్న బాధ్యతలు అప్పగిస్తూ, వారి స్థానంలోకి వస్తున్న మా లెక్కల మాస్టారిని గొంతు తగ్గించి అడిగారు.

“తమ్ముడూ, నేను వెళ్లాక ఎవరైనా వచ్చి గట్టిగా అరిస్తే, పిల్లల్ని పంపించేస్తావా?”

మాస్టారు ఆ కుర్చీ వైపు చూశారు. “భయంగా ఉందక్కా,” అన్నారు.

పెద్దక్క గారి ముఖం తేటపడింది. “అయితే ఫర్వాలేదు. కుర్చీ అక్కడే ఉంచు.”

వారు ఇకనైనా గేటు చప్పుడుకు ఉలిక్కిపడక, కంటినిండా నిద్రపోతూ, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. గేటు వైపు ఇక మేము చూస్తుంటాం.