మీ వైపు ఎవరైనా

నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య ఓ చిన్న ఊరి ఆసుపత్రి. ఆపరేషన్ గది తలుపు ముందు చక్రాల మంచం మీద టేట్, వాడి తలవైపు తల్లి జోలీన్. మత్తు ఇచ్చే నర్సు వెర్లా అడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతోంది. దానికి సరైన జవాబు రాకుండా ఆమె ఎవరికీ మత్తు ఇవ్వదు.

"లేదంటున్నాగా. ఎవరికీ ఏమీ కాలేదు."

"జోలీన్, ప్రశ్న పూర్తిగా విను. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా, మత్తు ఇచ్చాక ఒళ్లు కాలిపోవడం, దవడ బిగుసుకుపోవడం, ప్రాణం పోవడం..."

"లేదు. లేదు. లేదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అమ్మా, నువ్వెందుకు అరుస్తావు? నొప్పి నాది."

"నువ్వూరుకో టేట్."

"వెర్లా గారూ, ఒకటడుగుతా. మీరు డాక్టరు కాదంట కదా?"

"కాదబ్బాయ్. నర్సుని."

"మరి నన్ను నిద్రపుచ్చేది మీరేనా? మత్తు డాక్టరెవరూ లేరా?"

"ఉన్నారు, సిటీలో. ఈ మట్టిరోడ్లకి ఒక్కడూ రాడు. నర్సులు మత్తివ్వకూడదని అక్కడ కూచుని ఉపన్యాసాలు మాత్రం ఇస్తారు. ఇక్కడ కాన్పు అడ్డం తిరిగినా, ట్రాక్టరు కింద కాలు నలిగినా, ఊపిరి కనిపెట్టుకుని కూచునేది నేనే. ప్రాణం మీదికొచ్చినవాళ్ల వార్డులో ఏళ్లు చేశా. ఆ తర్వాత మళ్లీ కాలేజీకి పోయి ఈ పని నేర్చుకున్నా. చాలా? సర్టిఫికెట్ కూడా చూపించాలా?"

"చాలు, చాలు. నవ్వితే కడుపులో గుచ్చుతోంది."

"నవ్వకు మరి. ఇంతకుముందు ఎప్పుడైనా మత్తిచ్చారా నీకు?"

"పన్ను పీకినప్పుడు చిగురుకి సూదేశారు. అంతే."

"అది మొద్దుబారే సూది. లెక్కలోకి రాదు. పొద్దున ఏం తిన్నావు?"

"పాన్‌కేకులు, గుడ్లు, బేకన్. మిగిలినవి కుక్కకి పెట్టబోతే అవీ నేనే తిన్నా. నొప్పి తర్వాత మొదలైంది."

"కడుపు నిండా ఉందన్నమాట. అయితే కండరాలు క్షణాల్లో వదులయ్యే మందు వేసి, వెంటనే గొంతులోకి గొట్టం దింపాలి. లేకపోతే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సరే, అమ్మాయిలూ, మంచం లోపలికి తోసుకెళ్లండి. వస్తున్నానని డాక్టరుకి చెప్పండి."

"బై అమ్మా. నా బండి ముట్టుకోవద్దని నాన్నకి చెప్పు."

"వెర్లా గారూ, ఒక్క నిమిషం."

"చెయ్యి వదులు జోలీన్. త్వరగా చెప్పు."

"ఆ ప్రశ్న అందరినీ అడుగుతారా? లేక మా టేట్‌నే..."

"అందరినీ. నేనైతే ఇంకాస్త గట్టిగా అడుగుతా. మా ఎమ్మెట్ వల్ల."

"ఎమ్మెట్ వల్లా?"

"నీకు గుర్తుండాలే. హైస్కూల్లో మీరిద్దరూ ఒకే క్లాసు. గుర్రం మీంచి పడ్డాడు."

"గుర్తుంది."

"మోచెయ్యి, జోలీన్! మోచెయ్యి విరిగి ఎవడైనా చస్తాడా? అప్పుడు నేనిక్కడ వార్డు నర్సుని. తమ్ముడు కదా, తలుపు దగ్గరే నిలబడ్డా. మందు వేశారు, మత్తు వాయువు పట్టించారు. దవడ కొయ్యలా బిగుసుకుంది. ఒళ్లు పెనంలా కాలింది. పెట్రోలు బంకులో ఉన్న మంచు సంచులన్నీ నేనే మోసుకొచ్చి వాడి మీద కుమ్మరించా. ఊరంతా చూసింది. దానికి విరుగుడు మందు ఉంది. ఈ ఆసుపత్రిలో అప్పుడు లేదు."

"గుండె ఆగిందన్నారుగా."

"ఆగింది గుండేలే. ఎందుకాగిందని ఒక్కడూ అడగలేదు. నేనడిగా. అందుకే ఈ పనిలోకొచ్చా. తొడలో కండ కోయించుకుని పరీక్షకి పంపా. ఆ మత్తు పడని గుణం నాకూ ఉంది. రక్తంలో ఉంటుంది అది. మా నాన్న నుంచి మాకొచ్చింది."

"రక్తంలోనా?"

"తండ్రికుంటే బిడ్డకి వచ్చినా రావచ్చు. సగానికి సగం. పైకేం కనపడదు. మత్తు పడేదాకా ఎద్దులా తిరుగుతారు."

"ఇప్పుడు టేట్‌కి ఇచ్చేది... అదే మందా?"

"అదే మందు, అదే వాయువు."

"ఇవ్వకండి."

"ఎందుకు?"

"భయంగా ఉంది."

"భయం ఎవరికుండదు?"

"నడుముకి సూదేసి కానిచ్చేయండి. లేకపోతే వేరే మందులేవైనా..."

"ఉన్నాయి వేరే మందులు. కానీ యంత్రంలో పొద్దుటి ఆపరేషన్ తాలూకు వాయువు ఇంకా ఉంటుంది, ముందు దాన్ని వదిలించాలి. విరుగుడు కలపడానికి మనుషుల్ని పిలవాలి. అవతల అపెండిక్స్ పగలబోతోందని డాక్టరు గంతులేస్తున్నాడు. తల్లికి భయంగా ఉందిట, ఆగండి అని చెప్పనా? కారణం చెప్పు. ఇప్పుడే ఆపేస్తా."

"కారణం లేదు."

"మరి నా చెయ్యెందుకు వదలవు?"

"చలి. ఈ ఆసుపత్రిలో ఎప్పుడూ ఇంతే, చలి."

"మీ వైపు ఎవరికో అయింది. దాస్తున్నావు."

"మా వైపు ఎవరికీ కాలేదు! దేవుడి మీద ఒట్టు."

"క్లింట్ వైపు?"

"క్లింట్‌ని అడగొద్దు."

"అదేంటి? తండ్రిని అడగొద్దా?"

"అడగొద్దంటున్నా. ఆయన్ని ఇందులోకి లాగొద్దు, మీకు దండం పెడతా."

"ఎవర్ని లాగొద్దు, జోలీన్? నేను ట్రక్కు పెట్టొచ్చేసరికి వాణ్ణి లోపలికి తోసేశారు. మొహం కూడా చూడనివ్వలేదు."

"ఏం లేదు క్లింట్. ఏం లేదు. వెర్లా గారు లోపలికి వెళ్తున్నారు. వెళ్లండి... కాదు, ఆగండి..."

"వెళ్లాలో ఆగాలో తేల్చుకో జోలీన్. లోపల్నించి పిలుస్తున్నారు. క్లింట్, ఒక్క మాట. అవునో కాదో చెప్పు చాలు. మత్తు ఇచ్చాక ఒళ్లు కాలిపోయి ప్రాణం మీదికొచ్చినవాళ్లు మీ వైపు ఎవరైనా ఉన్నారా?"

"క్లింట్, వద్దు."

"మా వైపు ఎవరుంటే టేట్‌కేంటి, వెర్లా? వాడి కన్నతండ్రికి మంచు మోసింది నువ్వేగా."